ముందు నీళ్లు... తర్వాతే నంద్యాల

కాలేజీలో చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. పోయినేడు ర్యాంకులెన్ని వచ్చాయి? హాస్టల్లో భోజనం ఎలా ఉంటుంది? క్లాసులో ఏసీ ఉందా? ఫీజు ఎన్ని విడతల్లో కట్టొచ్చు? నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను. ‘‘సార్, మీ ల్యాబ్‌లో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయా?’’ అని అడిగిన తండ్రిగానీ తల్లిగానీ ఒక్కరూ తారసపడలేదు. మొదట అడగాల్సింది అదేనని ఇప్పుడు చెబుతున్నానంటే, దాని వెనక నేను చేసిన తప్పు ఒకటుంది.

చాలా ఏళ్ల కిందటి జూన్ నెల. ఆళ్లగడ్డ వైపు ఒక కాలేజీ. వేసవి సెలవుల్లో రెండు నెలలు తాళం వేసి ఉంచిన ల్యాబ్‌ను ఆ రోజే తెరిచాం. లోపల అడుగుపెడితే ఇటుకబట్టీలోకి వెళ్లినట్టుంది. మా అటెండర్ బీరువాలోంచి లైకర్ అమోనియా సీసా తీశాడు. మూత బిగుసుకుపోయింది. ‘‘చూసుకోప్పా’’ అన్నాను. ‘‘ఏమైతాది సార్, ఏటా తీసేదే కదా’’ అంటూ సీసాను పొట్టకు ఆనించుకుని, దాని మీదికి వంగి గట్టిగా తిప్పాడు. బుస్సుమని ఆవిరి, దాంతోపాటే ద్రవం ఎగజిమ్మి ఎడమ కంట్లో పడింది.

సింకు నాలుగడుగుల దూరంలో ఉంది. నేను దాని వైపు వెళ్లలేదు. వరండాలోకి పరిగెత్తి ‘‘జీపు, జీపు’’ అని అరిచాను. కంటికి తడిగుడ్డ అడ్డం పెట్టించి, అదేదో గొప్ప సమయస్ఫూర్తి అనుకుంటూ నంద్యాల తీసుకెళ్లాను. దాదాపు నలభై కిలోమీటర్లు. అక్కడ డాక్టరు అడిగిన మొదటి మాట ‘‘కన్ను ఎంతసేపు కడిగారు?’’ అని. నా దగ్గర జవాబు లేదు. అటెండర్ ఎడమ కంటి నల్లగుడ్డు మీద తెల్లటి పొర అలాగే మిగిలిపోయింది. ఎడమ పక్క నుంచి ఎవరైనా పలకరిస్తే ఇప్పటికీ తల పూర్తిగా తిప్పి చూస్తాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

ఆ రోజు నాకు తెలియని విషయమంటూ ఏమీ లేదు. అదే నన్ను కుదురుగా ఉండనివ్వదు. అమోనియా నీటిలో అత్యధికంగా కరుగుతుందని ఏటా బోర్డు మీద రాసేవాణ్ని. కన్ను ఎప్పుడూ తడిగా ఉంటుందనీ తెలుసు. ఆ రెండు మాటలూ కలిపి ఆలోచించే అవసరం అంతవరకు రాలేదు, అంతే.

అమోనియా మనకు కొత్తదేం కాదు. పశువుల కొట్టంలో, బస్టాండు మూత్రశాలలో ముక్కుపుటాలు అదరగొట్టే ఘాటు అదే. ఇంటర్ ల్యాబ్‌లో సాల్ట్ అనాలిసిస్‌కు అది లేకపోతే పని జరగదు. రాగి లవణం ద్రావణంలో కొన్ని చుక్కలు వేస్తూ పోతే చూస్తుండగానే నెమలికంఠం రంగు వస్తుంది. ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడాలి! ‘ప్రమాదం కాబట్టి ప్రయోగాలు మానేసి వీడియో చూపిస్తే పోలా’ అనే వాదన ఈ మధ్య వింటున్నాను. నాకు ఒంటబట్టదు. పరీక్షకు పది రోజుల ముందు ల్యాబ్ తాళం తీసి, హడావుడిగా అన్నీ ఒకేసారి చేయించే పద్ధతి మాత్రం వీడియో కంటే అన్యాయం. సీసాలు నెలల తరబడి కదలకుండా ఉంటాయి. పిల్లలకు చేయి తిరగదు. ఆ రెండూ ఒకే గదిలో కలుస్తాయి.

అసలు చిక్కు మన ఎండతో ఉంది. లైకర్ అమోనియా అంటే నీటిలో బలవంతంగా పట్టి ఉంచిన వాయువు. దాన్ని చల్లని చోట ఉంచాలని లేబుల్ మీదే రాసి ఉంటుంది. 25 శాతం గాఢత ఉన్న ద్రావణం సుమారు 38 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడుతుంది. నంద్యాలలో మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలు తాకడం ఎవరికీ వింత కాదు. కిటికీలు మూసి, తాళం వేసిన పైఅంతస్తు గది సంగతి ఇక చెప్పక్కర్లేదు. అంటే మన ల్యాబ్‌లో ఆ సీసా వేసవి పొడుగునా మరిగే స్థితికి అటూ ఇటూగా ఉంటోంది. గోలీసోడాను ఎండలో పెట్టి, మొహం దగ్గర పట్టుకుని గోలీ నొక్కితే ఎలా ఉంటుందో ఊహించండి. అందులో ఉన్నది సోడా కాదు.

కాబట్టి జూన్‌లో ల్యాబ్ తెరిచిన రోజే ఆ సీసా ముట్టుకోకూడదు. గది తలుపులు, కిటికీలు తీసి గాలి ఆడనివ్వాలి. సీసాను నిటారుగా ఐసు నీళ్ల బకెట్‌లో అరగంటైనా ఉంచాలి. చేతులకు గ్లౌజులు, కళ్లకు పక్కలు కూడా మూసుకునే గాగుల్స్ ఉండాలి. చదువుకోవడానికి పెట్టుకునే కళ్లద్దాలు అందుకు చాలవు. ఎగ్జాస్ట్ ఉన్న ఫ్యూమ్ కప్‌బోర్డ్ ఉంటే అందులోనే, లేకపోతే కిటికీ పక్కన, మూత మీద తడిగుడ్డ వేసి, మూతి మనవైపు కాకుండా తిప్పి, కొద్దికొద్దిగా వదులు చేయాలి. గాఢమైన ద్రావణం పిల్లల చేతికి ఇవ్వాల్సిన పనే లేదు. లెక్చరర్ పలుచన చేసి చిన్న సీసాల్లో పోసి ఇస్తే ప్రయోగానికి సరిపోతుంది. ఇంకొక్క మాట. చవకగా వస్తుందని రెండున్నర లీటర్ల సీసా కొని నాలుగేళ్లు దాచుకునే కాలేజీలు ఉన్నాయి. అర లీటరు సీసా కొని ఆ ఏడాదే వాడేస్తే మే నెలకు బీరువాలో ఏమీ మిగలదు.

కంటికి యాసిడ్ కంటే అమోనియా లాంటి క్షారమే ఎక్కువ కీడు చేస్తుందంటే చాలామంది నమ్మరు. యాసిడ్ పడినచోట మాంసకృత్తులు గడ్డకట్టి, అది మరీ లోతుకు దిగకుండా కొంతవరకైనా అడ్డుపడతాయి. క్షారం అలా కాదు. కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ దారి చేసుకుని లోపలికి పోతుంది. అమోనియా అయితే నిమిషాల్లోనే కార్నియాను దాటి కంటి ముందుభాగపు గదిలోకి చేరగలదు. ఇప్పుడు ఆళ్లగడ్డ నుంచి నంద్యాల ప్రయాణం లెక్కేసుకోండి. జీపు ఎంత వేగంగా పోయినా, దాని పని అది దారిలోనే చేసేసుకుంటుంది. నంద్యాలలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా నడుస్తోంది, సంతోషమే. కానీ ఆ మొదటి ఇరవై నిమిషాల వైద్యం చేయగలిగింది ల్యాబ్‌లో ఉన్న కుళాయి ఒక్కటే.

కడగడమంటే మొహం మీద నాలుగు దోసిళ్లు చల్లుకోవడం కాదు. రెప్పలను వేళ్లతో విడదీసి పట్టుకోవాలి. నొప్పికి మనిషి కళ్లు తెరవలేడు కాబట్టి పక్కవాళ్లే ఆ పని చేయాలి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే నీళ్లు పోస్తూనే తీసేయాలి. దెబ్బతిన్న కన్ను కిందివైపు ఉండేలా తల వంచి, సన్నటి ధారగా కనీసం ఇరవై నిమిషాలు ఆగకుండా పోయాలి. గడియారం చూసుకుని మరీ పోయాలి, ఎందుకంటే అలాంటప్పుడు రెండు నిమిషాలే ఇరవై అనిపిస్తాయి. 108కి ఫోన్ ఇంకొకరు చేస్తారు. బండి వచ్చినా ఇరవై నిమిషాలు కాకుండా ధార ఆపొద్దు. దారిలో కూడా సీసాతో నీళ్లు పోస్తూ వెళ్లగలిగితే ఇంకా మంచిది. చనుబాలు, ఆముదం, తేనె వేయడం మన ఊళ్లలో ఇంకా ఉంది. దయచేసి వద్దు. క్షారానికి విరుగుడని నిమ్మరసమో వెనిగరో పోసే తెలివి కూడా వద్దు. కెమిస్ట్రీ సగం తెలిసినవాళ్లే ఆ పని చేస్తారు.

ఇక నీళ్లు. కాలేజీ మేడ మీది ట్యాంకులో వేసవిలో నీళ్లుంటే అవి కాగిపోయి ఉంటాయి, లేకపోతే అసలు ఉండవు. అందుకే నేను ఒక చవక ఉపాయం చెబుతుంటాను. ల్యాబ్ తెరిచి ఉన్నన్నాళ్లూ ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్లు రెండు, వాటి పక్కన ఒక మగ్గు, సింకు దగ్గర ఉంచండి. తాగడానికి కాదని పైన రాయండి. నిమిషానికి లీటరున్నర చొప్పున పోసినా ఇరవై నిమిషాలకు ముప్పై లీటర్లు. రెండు క్యాన్లలో సరిపోతుంది. గోడకు బిగించే ఐ వాష్ ఉంటే మరీ మేలు. అది లేదన్న సాకుతో క్యాన్లు కూడా పెట్టకపోవడాన్ని నేను ఒప్పుకోను.

ఘాటు పీల్చినవాళ్లను వెంటనే బయటి గాలిలోకి తేవాలి. కాసేపటికి దగ్గు తగ్గిందని ఇంటికి పంపేయకూడదు. గొంతు బొంగురుపోయినా, మింగడానికి ఇబ్బంది పడినా, ఊపిరి తీస్తుంటే కూత వినిపించినా స్వరపేటిక వాస్తోందని అర్థం. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడొచ్చు. ఉబ్బసం ఉన్న పిల్లల విషయంలో మరింత కనిపెట్టుకుని ఉండాలి. ‘వాసన పోయింది సార్’ అని పిల్లలు అంటారు. చాలాసార్లు వాసన పోయి ఉండదు, ముక్కు అలవాటు పడి ఉంటుంది.

నేను చిన్న సీసా గురించి ఇంత చెబుతుంటే పెద్ద ట్యాంకులను మర్చిపోయానని అనుకోవద్దు. 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో పన్నెండు మందిని బలిగొన్నది కూడా, లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ మూతపడి ఉండగా ట్యాంకులో వేడెక్కిపోయిన స్టైరీనే. అది జరిగిన యాభై రోజులకే, జూన్ 27న, మన నంద్యాలలోనే ఎస్పీవై ఆగ్రో ఇండస్ట్రీస్‌లో అమోనియా లీకై ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. ఐస్ ఫ్యాక్టరీల్లో, కోల్డ్ స్టోరేజీల్లో చల్లదనం కోసం వాడేది ఈ అమోనియానే. అలాంటి చోటు నుంచి ఘాటు వస్తే చూడ్డానికి వెళ్లొద్దు. గాలి వాలుకు ఎదురుగానో, దాని వెంటో పరుగెత్తకుండా అడ్డంగా తప్పుకోండి. ముక్కుకు తడి తువ్వాలు కట్టుకోండి. అమోనియా నీటిలో కరిగే గుణం అక్కడ మనకే పనికొస్తుంది.

ఇంట్లో కూడా దీని బంధువులు ఉన్నాయి. బాత్రూమ్ కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఒకదాని మీద ఒకటి వేస్తే క్లోరిన్ వస్తుంది. బ్లీచింగ్‌కు అమోనియా కలిసిన క్లీనర్ తోడైతే క్లోరమైన్లు వస్తాయి. ‘రెండూ వేస్తే బాగా తెల్లగవుతుంది’ అనే మాట మా ఇంట్లోనూ విన్నాను. తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో ఆ ప్రయోగం చేసేది ఇంట్లో ఇల్లాలో, పనిమనిషో. కూల్‌డ్రింక్ సీసాలో పోసి తెచ్చే యాసిడ్ గురించి వేరే చెప్పాలా?

యాసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013 జులైలో ఇచ్చిన ఆదేశాల్లో విద్యాసంస్థల ల్యాబ్‌ల ప్రస్తావన కూడా ఉంది. యాసిడ్ వాడకానికి రిజిస్టర్ రాయాలి, దానికి ఒకరు బాధ్యులై ఉండాలి, ల్యాబ్ నుంచి బయటికి వెళ్లేవాళ్లను తనిఖీ చేయాలి అన్నారు. అదే పుస్తకంలో ఇంకో పేజీ అమోనియాకు కేటాయిస్తే ఖర్చేమీ లేదు. ఎప్పుడు కొన్నారు, ఎవరు తెరిచారు, సెలవుల ముందు ఎంత మిగిలింది అని రాస్తే చాలు.

ఈ ఏడాది అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ల్యాబ్ చూపించమని అడగండి. తాళంచెవి వెతకడానికి ఎంతసేపు పట్టిందో గమనించండి, అదీ ఒక జవాబే. లోపలికి వెళ్లాక మీరే సింకు దగ్గరికి నడిచి కుళాయి తిప్పండి. గుర్రుమని గాలి మాత్రమే వస్తే, ఫీజు కౌంటర్‌కు కాకుండా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లండి.