ఎండలలో బండి టైర్లు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట మన పెద్దలతో పాటు హోసూరుకూ, కోయంబత్తూరుకూ, బరంపురానికీ వచ్చింది. రోలు మూలకు చేరినా మాట మిగిలింది. రాతి రోలు సంగతి అటుంచి, వాకిట్లో నిలిపిన కారు టైరు పగలటం మాత్రం ఎవరైనా కంటితో చూడవచ్చును. తిరుపతికో, బంధువుల పెళ్ళికో పిల్లాపాపలతో మనం బయలుదేరేది వేసవిలోనే గదా! కనుక ఈ మాసం ఆ సంగతి ముచ్చటించదలచాము.

తిరిగే బండి టైరు అరిగిపోతుందని అందరికీ తెలుసు. నిలిచిన బండి టైరు కూడా పాడవుతుందంటే కొందరు నమ్మరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలూ, గాలిలోని ఓజోనూ రబ్బరును పెళుసుబరచి పగలదీస్తాయి. అందుకనే తయారీలో మసివంటి కార్బన్ బ్లాకునూ, ఒక విధమైన మైనాన్నీ కలుపుతారు. చక్రం తిరిగి రబ్బరు వంగుతూ ఉంటే ఆ మైనం పైకి ఊరి పొరలాగ కాపాడుతుంది. నెలల తరబడి బండి కదలకపోతే అది సరిగా ఊరదు. టైరు పక్కలను సన్నని బీటలు పుడతాయి.

చెయ్యవలసినవి సులువే. బండిని నీడను నిలపాలి. నీడ లేకపోతే ఎండ తగిలే వైపు చక్రాలకు తెల్లని గుడ్డగాని, చెక్కపలకగాని అడ్డం పెట్టాలి. అప్పుడప్పుడు కొన్ని కిలోమీటర్లు తిప్పి తేవాలి. మురికి పోవటానికి సబ్బునీళ్ళు చాలు. నిగనిగలాడాలని కిరసనాయిలు, గ్రీజు వంటివి పుయ్యకండి. అవి రబ్బరును ఉబ్బించి చెరుపుతాయి.

ఇక గాలి మాట. ఎండకాలం కదా అని గాలి తగ్గించి పట్టించేవారున్నారు. ఇది చాలా ప్రమాదం. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా నలిగి లోలోపల కాగుతుంది. కింద మాడే రోడ్డు, పైన ఐదుగురి చోట ఏడుగురు, డిక్కీ నిండా పెళ్ళి సామాను, ఆపైన వేగం! టైరు పేలటానికి ఇంకేమి కావాలి?

తెల్లవారి, బండి కదలకముందే గాలి చూపించాలి. ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద ఉంటుంది. టైరు మీద అచ్చువేసిన అంకె అది భరించగల గరిష్ఠ పీడనం మాత్రమే. సుమారు 5, 6 డిగ్రీల సెల్సియస్ వేడి పెరిగితే పీడనం ఒక పౌను పెరుగుతుంది. దారిలో ఈ పెరుగుదల సహజమే; చీటీ మీది లెక్క దానిని ఎరిగి వేసినదే. వేడి టైరులోంచి గాలి తియ్యకండి. స్పేరు టైరును మరువకండి.

టైరు వయస్సు కూడా చూడండి. దాని పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం. ఐదేళ్ళు దాటితే ఏటేటా పనివానికి చూపించండి. పదేళ్ళు నిండితే, గాట్లు లోతుగా కనిపించినా మార్చివెయ్యటమే మేలు.

పెళ్ళి చీర కోసం పది అంగళ్ళు తిరిగే మనం, ఇంటిల్లిపాదినీ మోసే నాలుగు చక్రాల చుట్టూ బయలుదేరేముందు ఒక్కసారి తిరగలేమా?