ఎర్ర బిళ్ళ ఉందేమో చూశావా?

మొన్న డల్లాస్ నుంచి మా టీములో పాత కుర్రాడొకడు ఫోటోలు పంపాడు. "మాడ్యులర్ ఇల్లన్నా, చవగ్గా వస్తోంది, అడ్వాన్సు ఇచ్చేయనా?" అని. చూస్తే బయటి గోడకి చిన్న ఎర్ర రేకు బిళ్ళ. అది మాడ్యులర్ కాదు బాబూ, మాన్యుఫాక్చర్డ్ అన్నాను.

రెండూ ఫ్యాక్టరీలోనే తయారవుతాయి. తేడా అంతా కోడ్ లో ఉంది (మనం రాసేది కాదు లెండి, బిల్డింగ్ కోడ్). ఎర్ర బిళ్ళ ఇంటికి 1976 జూన్ 15 నుంచి అమల్లోకొచ్చిన ఫెడరల్ హడ్ కోడ్. మాడ్యులర్ కి మాత్రం మామూలు ఇళ్ళకుండే రాష్ట్ర, స్థానిక కోడే. ముక్కలు తెచ్చి శాశ్వత పునాది మీద బిగిస్తారు.

నిజానికి మాన్యుఫాక్చర్డ్ ఇల్లంటే నాకు చిన్నచూపేం లేదు. సొంత స్థలంలో పెట్టుకుంటే మంచి ఇల్లే. కానీ మావాడు చూసింది పార్కులో, అద్దె స్థలంలో. అంటే ఇల్లు మనది, నేల ఇంకొకడిది! అలాంటిదాన్ని చాలాసార్లు కారులాగా చరాస్తి కింద చూస్తారు, లోను వడ్డీ కూడా మామూలు ఇంటి లోను కంటే ఎక్కువే. రేపు స్థలం అద్దె పెంచితే ఇల్లు భుజాన వేసుకుని పోలేం కదా, కదిలించడానికే వేల డాలర్లు.

స్థలం అద్దె ఏటా ఎంత పెరుగుతుందో రాసిమ్మని ఏజెంటుని అడగమన్నాను. అడిగాడట. ఇంకా జవాబు రాలేదు.