పెట్టెలో ఏం పెట్టాలి?



హాస్టల్లో ఉన్న ప్రతివాడికీ ఒక రేకుపెట్టె గుర్తుంటుంది. మూత మీద తెల్లరంగుతో పేరు, తరగతి. లోపల కంచం, గ్లాసు, రెండు జతల బట్టలు, అడుగున మడత పెట్టి దాచుకున్న పది రూపాయల నోటు. ఆ పెట్టె తెరిస్తే వాడి ఇంటి సంగతి, వాడి మనసు సంగతి మాటలతో పని లేకుండా తెలిసిపోయేది. ఈమధ్య బడుల్లో చేయిస్తున్న ఒక ప్రాజెక్టు గురించి ఆలోచిస్తుంటే నాకు ఆ పెట్టే కళ్ళముందు మెదిలింది. దాని గురించి నా అభిప్రాయం నాలుగు మాటల్లో చెబుతాను.

ఆ ప్రాజెక్టు ఇది. విద్యార్థులు ఒక నవల చదవాలి. చదివాక దాని మీద వ్యాసం రాయరు. ఆ నవలకు గుర్తుగా నిలిచే ఐదారు వస్తువులు ఒక పెట్టెలో పెట్టి తీసుకురావాలి. తరగతి ముందు ఒక్కొక్కటే పైకి తీసి, ఇది ఎందుకు తెచ్చానో చెప్పాలి. మన రాష్ట్రంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక తెలుగుకి కూడా ప్రాజెక్టు పనులు, పుస్తక సమీక్షలు వచ్చాయి కదా. ఇదీ వాటిలో ఒక పద్ధతి.

"చదువు మానిపించి ఈ బొమ్మలాటలేమిటి?" అని కొందరు పెద్దలు అంటారు. నేను ఒప్పుకోను. వ్యాసం గైడులోంచి దించెయ్యొచ్చు. పక్కవాడి నోటుబుక్కులోంచి దించెయ్యొచ్చు. వస్తువుని దించడం కుదరదు. "ఇదెందుకు తెచ్చావు?" అని అడిగితే, నవల చదివినవాడే జవాబు చెప్పగలడు. పైగా దీనికి డబ్బు అక్కర్లేదు. థర్మోకోలు షీట్లు, రంగు కాగితాలు కొనాల్సిన ప్రాజెక్టుల్లో మన హాస్టలు పిల్లలు ఎప్పుడూ వెనకే. ఇందులో మాత్రం పాత కొడవలైనా సరిపోతుంది.

నేను తెలుగు మాస్టారుని. ఒక ఏడాది మా తరగతిలో ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' తీసుకున్నాను. 1922లో అచ్చయిన నవల. ఆ రోజుల్లో మాలపల్లె జీవితాన్ని నవలకి ఎక్కించడమే పెద్ద సాహసం. నాటి మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అందులో రామదాసు కొడుకు సంగదాసు కూలివాళ్ళ తరఫున నిలబడతాడు. భూస్వామి చౌదరయ్య కొట్టిన దెబ్బకి చనిపోతాడు. పుస్తకం పెద్దది కాబట్టి భాగాలు పంచి, నాలుగు జట్లుగా చదివించాను.

పిల్లలు నన్ను ఆశ్చర్యపరిచారు. ఒకడు వాళ్ళ తాతగారింటి అటక మీంచి కుంచం దింపి తెచ్చాడు. "కూలి దగ్గరే కదండీ తగాదా అంతా, కొలిచేవాడి చేతిలో ఉంటుందండీ న్యాయం" అన్నాడు. ఇంకొకడు తాళంకప్ప తెచ్చి, నిషేధించిన పుస్తకానికి గుర్తు అన్నాడు. రామదాసు భక్తికి గుర్తుగా ఒకడు చిడతలు తెచ్చాడు. ఏ పరీక్ష పేపరులోనూ నేను ఇంత మంచి జవాబులు చదవలేదు.

కానీ ఆ రోజే నా వల్ల ఒక తప్పు జరిగింది. ఒక జట్టులో వస్తువుల్ని పిల్లలే పంచుకున్నారు. పుస్తకం ఒకడికి, దీపం ఒకడికి ఇచ్చుకుని, హాస్టలు నుంచి వచ్చే కుర్రాడి చేతికి చీపురు ఇచ్చారు. వాడు దాన్ని పట్టుకుని తల దించుకుని నిలబడ్డాడు. ఎవరో నవ్వారు. నేను చూశాను గానీ, ప్రాజెక్టు బాగా జరుగుతోందన్న ఉత్సాహంలో పట్టించుకోలేదు. సాయంత్రం బడి వదిలాక వాడు నా దగ్గరకొచ్చి నెమ్మదిగా అడిగాడు: "మాస్టారూ, సంగదాసు కూలోళ్ళ పక్కన నిలబడ్డాడు కదండీ. మరి నా చేతికి చీపురెందుకండీ?"

నా దగ్గర జవాబు లేదు. నేనూ ఇలాంటి హాస్టల్లోనే చదువుకున్నాను. నాకు తట్టాల్సిన ప్రశ్న పద్నాలుగేళ్ళ కుర్రాడికి తట్టింది.

చీపురు పట్టిన చేతుల్ని నేను తక్కువ చెయ్యడం లేదు. అవి మన అమ్మల చేతులే. ఇక్కడ తప్పు చీపురుది కాదు. ఎవరు ఏ వస్తువు పట్టుకోవాలో ఇంకొకరు నిర్ణయించడంలో ఉంది. నవలలో ఉన్న పోరాటాన్ని వదిలేసి, అవమానాన్ని మాత్రమే ఏరి, దాన్ని ఒక పిల్లవాడి చేతిలో పెట్టడంలో ఉంది.

ఈ విషయంలో మనకి పాఠం చెప్పేవారు పుస్తకాల్లోనే కాదు, మన ఊరి కూడలిలోనే ఉన్నారు. బాబాసాహెబ్ అంబేడ్కర్ చిన్నప్పుడు బడికి గోనెపట్ట తీసుకెళ్ళి, ఒక మూల దాని మీద కూర్చునేవారు. నౌకరు దాన్ని ముట్టుకోడు కాబట్టి సాయంత్రం ఇంటికి తీసుకుపోయి, మర్నాడు మళ్ళీ తెచ్చుకునేవారు. ప్యూను వచ్చి కుళాయి తిప్పితేనే మంచినీళ్ళు. ఈ సంగతులు ఆయనే తన అనుభవాల్లో రాసుకున్నారు. ఆ జీవితాన్ని ఒక్క వస్తువుతో చూపించమంటే ఎవరైనా గోనెపట్ట అనొచ్చు. కానీ మనవాళ్ళు అమలాపురంలోనైనా, రాజోలులోనైనా, ఏ చిన్న పేటలోనైనా విగ్రహం నిలబెట్టినప్పుడు ఏం ఎంచుకున్నారు? కోటు, కళ్ళజోడు, చేతిలో పుస్తకం, ముందుకు చూపే వేలు. చదువురాని మన తాతలు కూడా ఆ వస్తువుల అర్థం సరిగ్గా చదివారు. గుర్తుని తామే ఎంచుకున్నారు. అలాంటి గుర్తుల బరువెంతో మన కోనసీమకి తెలుసు. జిల్లాకి ఆయన పేరు పెట్టే విషయంలో 2022 మే 24న అమలాపురంలో మంటలు చూసినవాళ్ళం మనం.

అలాగని గోనెపట్టని మరిచిపోమని నేను చెప్పను. అది లేకపోతే ఆ పుస్తకం విలువ తెలియదు. రెండూ పెట్టెలో ఉండాలి. మనకి ఏం జరిగిందో చెప్పే వస్తువు ఒకటి, మనం ఏం చేశామో చెప్పే వస్తువు ఒకటి. ఇదే నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట.

ఈ లెక్కన జి. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం' తీసుకోండి. 2000లో వచ్చిన నవల. అందులో పాటగాడు ఎల్లన్న ఉన్నాడు. కరువు కాలంలో బకింగ్‌హాం కాలువ తవ్వకానికి వలసపోయిన శివయ్య, శశిరేఖ ఉన్నారు. ఆ పెట్టెలో ఖాళీ కుండ ఒక్కటే పెడితే కథ సగమే చెప్పినట్టు. డప్పు పెట్టాలి, పార, తట్ట పెట్టాలి. కాలువలంటే మనకి కొత్తా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మన లంకల మధ్య నీళ్ళు పారాయి. కాటన్ దొరకి దండలు వేస్తాం, వెయ్యాలి కూడా. పి. గన్నవరం దగ్గర వైనతేయ మీద కాలువని దాటించిన అక్విడక్టు చూసి అబ్బురపడతాం. ఆ మట్టి మోసినవాళ్ళ పేర్లు మనకి తెలియవు. వాళ్ళ తరఫున ఒక తట్ట తరగతిలో బల్ల మీదకి ఎక్కితే, అది అవమానం కాదు. అది హక్కుపత్రం లాంటిది.

ఇది పల్లెటూరి బడి పిల్లల ఆటే అనుకునేవాళ్ళు ఒక విషయం వినండి. 2006లో నోబెల్ బహుమతి పొందిన టర్కీ రచయిత ఓర్హాన్ పాముక్ ఒక ధనవంతుడి ప్రేమకథని నవలగా రాసి 2008లో అచ్చువేశాడు. ఆ నవలలోని వస్తువులతో 2012లో ఇస్తాంబుల్‌లో ఏకంగా ఒక మ్యూజియమే తెరిచాడు. 83 అధ్యాయాలకి అధ్యాయానికో అద్దాల పెట్టె చొప్పున ఏర్పాటు. కథానాయిక కాల్చి పడేసిన 4,213 సిగరెట్ పీకలు కూడా ఒక గోడకి వరసగా అంటించారు. జనం టిక్కెట్టు కొని చూస్తున్నారు. సిగరెట్ పీకలకే అంత గౌరవం దక్కినప్పుడు, ఊడ్పులకి వెళ్ళిన మన నాయనమ్మ గోచికట్టుకి, కొబ్బరికాయలు ఒలిచిన మన నాన్న గునపానికి దక్కకూడదా?

అందుకని మాస్టార్లకి, తమ్ముళ్ళకి నా మనవి ఇది. పుస్తకం పూర్తిగా చదవకుండా పెట్టె తెరవొద్దు. బజార్లో కొన్న వస్తువు వద్దు, ఇంటినుంచో ఊరినుంచో తెచ్చినదే మేలు. ఎవరి వస్తువు వాళ్ళే ఎంచుకోవాలి, ఇంకొకరి చేతిలో మనం పెట్టకూడదు. బాధ చెప్పే వస్తువు తెచ్చినవాడు, దాని పక్కన ఎదురునిలిచిన కథ చెప్పే వస్తువు కూడా ఒకటి వెతికి తేవాలి. నవలలో అది తప్పకుండా దొరుకుతుంది. దొరకకపోతే మళ్ళీ చదవాలి.

ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలకి ఒక్క మాట. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు శాలువాలు, దండలు మానేసి తలా ఒక నవల తెండి. 'మాలపల్లి' తెండి, 'అంటరాని వసంతం' తెండి, మన మామిడికుదురు బిడ్డ బోయి భీమన్న గారి 'పాలేరు' నాటకం తెండి. ఒక రేకుపెట్టె నిండినా చాలు, అదే మన గ్రంథాలయం.

ఇంతకీ ఆ కుర్రాడి సంగతి చెప్పలేదు. మర్నాడు నేను తరగతిలో అందరి ముందూ నా పొరపాటు ఒప్పుకుని, నీకు నచ్చిన వస్తువు తెచ్చుకోరా అన్నాను. వాడు హాస్టలుకి వెళ్ళి తన కంచం తెచ్చాడు. సంగదాసుకీ దీనికీ ఏమిట్రా సంబంధం అని ఎవరో అడిగారు. "కూలోళ్ళ కంచంలోకి అన్నం రావాలనే కదండీ ఆయన చచ్చిపోయింది. నా కంచంలోకి వచ్చిందండీ" అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

జై భీమ్.