అడవికి వెళ్లొచ్చారా? ఆ మాట డాక్టరుకు చెప్పండి

వానలు వెనకబడితే చాలు, వరంగల్, హనుమకొండ నుంచి కార్లు ములుగు దారి పడతాయి. లక్నవరం వేలాడే వంతెన, తాడ్వాయి అడవి, వాజేడు దగ్గర బొగత జలపాతం, ఇటు నర్సంపేట వైపు కాకతీయుల నాటి పాకాల చెరువు... అన్నీ పొద్దున బయలుదేరితే అందే దూరమే. ఒక రాత్రి టెంట్‌లో పడుకుని, తెల్లవారుజామున దుప్పుల్నీ పక్షుల్నీ చూసి రావడం ఎంతో హాయి. నేనూ పిల్లల్ని తీసుకుని వెళ్తుంటాను. మీరూ వెళ్లండి.

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. తిరిగొచ్చిన నెల రోజుల్లో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, డాక్టరు ముందు కూర్చోగానే ‘ఫలానా తేదీన అడవికి వెళ్లాం, రాత్రి అక్కడే ఉన్నాం’ అని చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

ఎందుకంటారా? కొన్నేళ్ల క్రితం ఓ కాలేజీ కుర్రాణ్ని తల్లిదండ్రులు మా వార్డుకు తీసుకొచ్చారు. అప్పటికే ఎనిమిది రోజులుగా జ్వరం, తలనొప్పి. డెంగీ పరీక్షలో ఏమీ లేదు. రెండు రకాల యాంటీబయాటిక్‌లు మార్చినా జ్వరం దిగలేదు. మొదటి రోజు నేనూ షుగరు, బీపీ, పాత జబ్బులు అన్నీ అడిగాను కానీ, ఎక్కడికైనా వెళ్లారా అని అడగలేదు. మర్నాడు ఆయాసం మొదలై ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ఒళ్లంతా మళ్లీ పరీక్షిస్తే, నడుము దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు చిన్న నల్లటి పెచ్చు కనిపించింది. అప్పుడు అడిగితే, ‘రెండు వారాల కింద ఫ్రెండ్స్‌తో టెంట్ వేసుకున్నాం సార్’ అన్నాడు. అది స్క్రబ్ టైఫస్. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండు రోజులకు జ్వరం దిగింది. తక్కువ ధరకు దొరికే మందు. ఆ ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే ఆక్సిజన్ దాకా వెళ్లేది కాదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

గడ్డిలో, పొదల్లో ఉండే చిగ్గర్ అనే అతి చిన్న పురుగు కుట్టడం వల్ల ఈ జబ్బు వస్తుంది. కుట్టినట్టు కూడా తెలియదు. సాధారణంగా వారం నుంచి మూడు వారాల్లోపు జ్వరం మొదలవుతుంది. అప్పటికి మీరు అడవి సంగతే మరిచిపోయి ఉంటారు. చంకల్లో, గజ్జల్లో, నడుము పట్టీ కింద పెచ్చు ఉందేమో చూసుకోండి. అందరికీ పెచ్చు ఉండదు, అది లేనంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. మలేరియా కూడా ఇంతే. దోమ కుట్టిన వారం తర్వాతే బయటపడుతుంది, ఒక్కోసారి నెలలు కూడా పట్టొచ్చు.

ఇక్కడో విచిత్రం ఉంది. ఏజెన్సీ గూడెంలో ఎవరికైనా జ్వరం వస్తే ఆశా కార్యకర్త వేలి మీద రక్తపు చుక్క తీసి అక్కడికక్కడే మలేరియా పరీక్ష చేస్తుంది. అదే అడవిలో ఒక రాత్రి పడుకుని వచ్చిన మనం మాత్రం ‘వైరల్ ఫీవరే’ అనుకుని మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుంటాం. అడవిలో ఉండేవారి జాగ్రత్త మనకూ ఉండాలి కదా? అడగని డాక్టర్లదీ తప్పే, చెప్పని మనదీ తప్పే.

పడుకునే చోటూ ముఖ్యమే. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే పాముకాటేమోనని అనుమానించాలి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోండి. టెంట్ అయితే జిప్పు పూర్తిగా వేయండి. చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయొద్దు. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లండి. అడవిలో సిగ్నల్ అందని చోట్లు ఉంటాయి, 108కు ఫోన్ కలుస్తుందన్న భరోసా లేదు. ములుగులో, ఏటూరునాగారంలో ప్రభుత్వాసుపత్రులున్నాయి. మీరు దిగే చోటుకు ఏది దగ్గరో బయలుదేరే ముందే తెలుసుకోండి.

నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు వేసుకోండి. దోమల క్రీము రాసుకోండి. గడ్డి మీద నేరుగా కూర్చోవద్దు, బట్టలు ఆరేయొద్దు. ఇంటికి రాగానే స్నానం చేసి, ఆ బట్టలు వేడినీళ్లలో ఉతకండి. తర్వాత క్యాలెండర్‌లో, వెళ్లొచ్చిన తేదీ మీద గీత పెట్టండి. నెలలోపు జ్వరం వస్తే ఆ తేదీ చూసుకుని ఆసుపత్రికి రండి.