మెషీన్లు వచ్చాయి సరే.. పని నేర్పేదెవరు? ఐటీఐ విద్యార్థులకు అసలు పరీక్ష కంపెనీ గేటు లోపలే!

తెలంగాణలో ప్రభుత్వ ఐటీఐల రూపురేఖలు మారుతున్నాయి. 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు.. అంటే ఏటీసీలుగా మార్చేందుకు రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో ఒప్పందం చేసుకుంది. ప్రాజెక్టు విలువ రూ.2,324 కోట్లు. 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో సీఎం రేవంత్ రెడ్డి దీనికి శంకుస్థాపన చేశారు. రోబోటిక్స్, సీఎన్‌సీ, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ వంటి కోర్సులు వచ్చాయి. ఏటీసీ విద్యార్థులకు నెలకు రూ.2 వేల స్టైపెండ్ కూడా ఇస్తామని సీఎం ప్రకటించారు.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ల్యాబ్‌లో మెషీన్ ముందు నిలబడటం వేరు.. షిఫ్టు టార్గెట్ నడుస్తున్న ఫ్యాక్టరీలో అదే మెషీన్ మీద పని చేయడం వేరు. ఆ రెండో భాగం కంపెనీ చేతుల్లో ఉంటుంది. అక్కడ కుర్రాడికి పని నేర్పుతారా, లేక తక్కువ ఖర్చుకు దొరికిన చెయ్యిగా వాడుకుంటారా అన్నదే ప్రశ్న.

జర్మనీలో ఎలా ఉంది?

ఈ 'డ్యూయల్' శిక్షణకు అందరూ చూపించే ఉదాహరణ జర్మనీ. అక్కడ విద్యార్థి ముందు కంపెనీతో ఒప్పందం చేసుకుంటాడు. వారంలో మూడు, నాలుగు రోజులు కంపెనీలో, మిగతా రోజులు వృత్తి విద్యా స్కూల్లో ఉంటాడు. చివరి పరీక్ష పెట్టేది పరిశ్రమల ఛాంబర్లే. అంటే కుర్రాడికి పని రాకపోతే ఆ మాట కంపెనీకే వస్తుంది.

మన దగ్గర 2016 నుంచి డ్యూయల్ సిస్టమ్ ఆఫ్ ట్రైనింగ్ ఉంది. కానీ ఇక్కడ వరుస తిరగబడింది. ముందు ఐటీఐలో అడ్మిషన్.. తర్వాత కంపెనీ. తాను ఎంచుకోని విద్యార్థి మీద కంపెనీ ఎంత శ్రద్ధ పెడుతుంది? తేడా వస్తున్నది ఇక్కడే.

చట్టం ఏం చెబుతోంది?

కోర్సు తర్వాత చేసే అప్రెంటిస్‌షిప్‌కు 1961 నాటి చట్టం ఉంది. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. 2019 రూల్స్ ప్రకారం కనీస స్టైపెండ్ అర్హతను బట్టి రూ.5 వేల నుంచి రూ.9 వేలు. కేంద్రం ఇందులో 25 శాతం, గరిష్ఠంగా రూ.1,500 భరిస్తోంది. దీన్ని 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. ఆదిలాబాద్ నుంచి జీడిమెట్లకు వచ్చే కుర్రాడికి రూమ్ అద్దె, తిండి ఖర్చు ఈ డబ్బులతోనే గడవాలి.

చాలామందికి తెలియని విషయం మరొకటి ఉంది. చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణార్థి. అందుకే అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. ఇన్ని పీసులకు ఇంత అని లెక్కగట్టి డబ్బులివ్వకూడదు. భద్రత, ప్రమాద పరిహారం మాత్రం కార్మికుల్లాగే వర్తిస్తాయి. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ ఫ్యాక్టరీ పేలుడు చూశాక ఈ రక్షణ ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. అయితే ఇదంతా రిజిస్టర్ అయిన కాంట్రాక్ట్ ఉంటేనే. ఊరికే 'ట్రైనీ' అని తీసుకుంటే అడగడానికి చేతిలో కాగితమే ఉండదు.

చిన్న కంపెనీల బాధ వేరు

అలాగని తప్పంతా కంపెనీలదే అనలేం. పది, ఇరవై మందితో నడిచే వర్క్‌షాపులో నేర్పడానికి ప్రత్యేకంగా మనిషిని పెట్టడం కష్టం. నేర్పాక పక్క కంపెనీకి వెళ్లిపోతాడన్న భయం ఉండనే ఉంది. నాలుగైదు చిన్న యూనిట్లకు కలిపి ఒక శిక్షకుడిని ప్రభుత్వం ఇస్తే ఈ భారం తగ్గుతుంది.

కాబట్టి ఏటీసీల ఫలితాన్ని ఎన్ని ఒప్పందాలు జరిగాయన్న దాన్ని బట్టి చూడకూడదు. ఎంతమంది శిక్షణ పూర్తి చేశారు, ఏడాది తర్వాత ఎంతమంది అదే ట్రేడ్‌లో పనిచేస్తున్నారు.. ఈ లెక్కలు ఐటీఐల వారీగా బయటపెట్టాలి. విద్యార్థులు, తల్లిదండ్రులు కూడా చేరే ముందే కాంట్రాక్ట్ కాపీ, స్టైపెండ్ ఎంత, నేర్పే సూపర్‌వైజర్ ఎవరు అన్నది అడిగి తెలుసుకోవాలి. అది వాళ్ల హక్కు.