చాపకూడు మనదని చెప్పుకుంటూ

పలనాడులో ఓ బిడ్డ బక్కచిక్కి కనిపిస్తే మన దగ్గర మాటలు సిద్ధంగా ఉంటాయి. "వాళ్ళ నాన్న పోలిక." "దిష్టి తగిలుంటుంది." "పళ్ళొచ్చే వయసు, అదే ఒళ్ళు చేస్తాడులే." ఈ మాటలతోనే ఇన్నేళ్ళూ ఆ బిడ్డ మీంచి చూపు తిప్పుకున్నాం.

చూడటానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆరు నెలలు నిండి, ఐదేళ్ళు దాటని బిడ్డ ఎడమ జబ్బకు మధ్యలో రంగుల కొలత టేపు చుట్టాలి. 11.5 సెంటీమీటర్ల లోపైతే టేపు ఎరుపు చూపిస్తుంది. అది తీవ్ర పోషకాహార లోపం. 12.5 లోపైతే బిడ్డ అటువైపు జారుతున్నట్టు. రెండు పాదాల మీదా బొటనవేలితో కాసేపు నొక్కి తీసినప్పుడు గుంట నిలిచిపోతే, టేపు ఏం చెప్పినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. ఆ నీటి ఉబ్బును చూసి బిడ్డకు బుగ్గలొచ్చాయని మురిసిపోయిన ఇళ్ళు మనలో ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 31.4 శాతం. 2019-21 సర్వేలో 31.2. అంటే, కదలలేదు. ఆ ఏళ్ళన్నీ కోటప్పకొండ తిరునాళ్ళకు లక్షలు పోసి ప్రభలు కట్టాం. మా ఊరి ప్రభ ఎన్ని అడుగులో ఎవరినడిగినా చెబుతాం. వీధిలో బిడ్డ ఎత్తు ఎంతని అడిగిన పాపాన పోలేదు.

మిరపకోతల్లో తల్లులు తెల్లారకముందే ఆటోలెక్కి చేలకు పోతారు. చంటిబిడ్డ ముసలమ్మ దగ్గర టీలో ముంచిన బిస్కెట్టుతో పూట గడుపుతాడు. వలస కూలీల బిడ్డయితే పేరు సొంతూరి అంగన్‌వాడీ రిజిస్టరులో ఉంటుంది, బిడ్డ మన చేను గట్టున చీర ఉయ్యాల్లో ఉంటాడు. పొద్దున లేస్తూనే గుంటూరు యార్డులో క్వింటా రేటు కనుక్కునే మనం ఆ ఉయ్యాల్లోకి తొంగి చూడలేదు.

వైద్యం ఉంది. జబ్బు కూడా తోడై, ఆకలి చచ్చిపోయిన బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చుకుంటారు. ముందు ఒళ్ళు చల్లబడకుండా, రక్తంలో చక్కెర పడిపోకుండా చూస్తారు. యాంటీబయాటిక్ ఇస్తారు. ఎఫ్-75 అనే పాలను రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా తాగిస్తారు. ఎండిపోయిన ఒంట్లోకి ఒక్కసారిగా తిండి కుక్కితే గుండె తట్టుకోదు. ఆకలి తిరిగొచ్చాకే ఎఫ్-100 పాలు, ఆ తర్వాతే ఐరన్. దీనికి సుమారు రెండు వారాలు తల్లి పక్కనే ఉండాలి.

అక్కడే మనం చేతులెత్తేశాం. ఆమెకు కూలి పోతుంది, ఇంటి దగ్గర మిగతా పిల్లలకు అన్నం పెట్టేవాళ్ళుండరు. నాలుగు రోజులకే బిడ్డను చంకనేసుకుని తిరిగొస్తే "తల్లికే పట్టింపు లేదు" అని తీర్పు చెప్పాం. "ఇల్లు నేను చూసుకుంటా, నువ్వక్కడే ఉండు" అనాల్సిన మగవాళ్ళం నోరు విప్పలేదు.

శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, మరో ఇద్దరితో కలిసి 1996లోనే పిల్లల ఈ బలహీనత గురించి రాశారు. ఆఫ్రికాలో కన్నా దక్షిణాసియాలోనే పిల్లలు ఎందుకింత బలహీనంగా ఉన్నారని అడిగి, మూలం ఇక్కడి ఆడవాళ్ళ బతుకులో ఉందన్నారు. మన రాష్ట్రంలో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయిందని 2019-21 సర్వే చెప్పింది. రక్తం లేని పిల్ల కడుపున బరువు తక్కువ బిడ్డ పుడితే ఆశ్చర్యమేముంది? ఆ పెళ్ళిళ్ళకు వెళ్ళి అక్షింతలు వేసింది మనమే.

అన్ని కులాలనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడు మనవాడని కారంపూడిలో ఏటా చెప్పుకుంటాం. తండాలో, కాలనీలో పిల్లలు ఏం తింటున్నారో మాత్రం మనకు పట్టలేదు.

వచ్చే నెల అంగన్‌వాడీలో పిల్లల్ని తూచే రోజున వెళ్ళండి. తూకం మిషన్ పాడైతే చందా వేసి కొనండి. టేపు ఎరుపు చూపిన బిడ్డతో తల్లి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటి పిల్లలకు రెండు పూటలా అన్నం పంపండి.