సెమీ క్రిస్మస్ సరే, ఆ నాలుగు వారాల మాటేటి?

డిసెంబరు ఒకటో తారీఖు వస్తే చాలు, మన కాలేజీల్లో, ఆఫీసుల్లో సెమీ క్రిస్మస్ మొదలు. ఒక కేకు, రెండు శాంటా టోపీలు, స్టేజి మీద పెద్దవాళ్ల నాలుగు మాటలు, చివర్లో గ్రూప్ ఫొటో. ఈ "సెమీ" అన్న మాట ఎవరు కనిపెట్టారో గానీ సెమిస్టర్ల మధ్య బతికే మనకి బాగా నప్పింది. దాని మీద నాకు కోపమేమీ లేదు, కేకు నేనూ తింటాను. కతోలికుడిగా నా అభ్యంతరం ఒక్కటే. పండగ ముందే వచ్చేస్తే, పండగ కోసం ఎదురుచూడటం ఎక్కడికి పోయినట్టు?

ఆ ఎదురుచూపుకి మా సంఘంలో ఒక పేరుంది. ఆగమన కాలం. క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలు. 2025లో నవంబరు 30న మొదలైంది. ఈ రోజుల్లో ఫాదర్ ఊదా రంగు వస్త్రాలతో పూజ చేస్తారు. ఆదివారం పూజలో మామూలుగా పాడే గ్లోరియా గీతం పాడరు, దాన్ని క్రిస్మస్ రాత్రికి దాచిపెడతారు. పచ్చని ఆకుల చక్రం మీద నాలుగు కొవ్వొత్తులుంటాయి, వారానికొకటి వెలిగిస్తారు. ఆ చక్రం మా సొంతమేమీ కాదు. 1839లో హాంబర్గ్‌లో విఖెర్న్ అనే లూథరన్ పాస్టరు తన ఆశ్రమంలోని పేద పిల్లలు "క్రిస్మస్ ఎప్పుడొస్తుంది?" అని రోజూ ప్రాణం తీస్తుంటే, ఒక బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి లెక్క చూపించాడు. ఇంజినీరింగ్ భాషలో చెప్పాలంటే కౌంట్‌డౌన్ టైమర్. మేం తర్వాత తీసుకున్నాం.

మన క్లాసులో ఎక్కువమందికి ఇది కొత్త సంగతేమీ కాదు. ఇదే డిసెంబరులో ధనుర్మాసం మొదలవుతుంది. తిరుప్పావై ముప్పై పాశురాలు రోజుకొకటి చొప్పున, తెల్లారకుండా లేచి, భోగి దాకా. అక్కడా ఇరవై తొమ్మిది రోజులు దాటేసి నేరుగా ముప్పయ్యో రోజుకి ఎవరూ దూకరు.

ఆ నాలుగు కొవ్వొత్తుల్లో మూడు ఊదా, ఒకటి గులాబీ రంగు. ఆ గులాబీది మూడో ఆదివారానిది, 2025లో అది డిసెంబరు 14. లాటిన్‌లో ఆ రోజుని "గౌదేతే" అంటారు, అంటే "ఆనందించండి" అని. పౌలు ఫిలిప్పీయులకు రాసిన లేఖలోంచి వచ్చిన మాట అది. పౌలు ఆ లేఖ రాసింది జైల్లో ఉండి. పైగా 2025లో అదే ఆదివారం చదివిన సువార్త కూడా జైలు కథే. స్నాపక యోహాను హేరోదు చెరలో పడి ఉన్నాడు. రావలసినవాడు వచ్చేశాడని ఊరంతా చాటినవాడే, ఇప్పుడు శిష్యుల్ని పంపి యేసుని అడిగిస్తున్నాడు: మేం ఎదురుచూసినవాడివి నువ్వేనా, ఇంకొకడి కోసం చూడాలా అని.

నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. ఆనందించమని చెప్పే ఆదివారం నాడు సందేహపడుతున్న ఖైదీ కథ చదివించడమంటే ఎవరో బాగా ఆలోచించే పెట్టారు. యేసు అతన్ని తిట్టలేదు. గుడ్డివాళ్లు చూస్తున్నారు, కుంటివాళ్లు నడుస్తున్నారు, పేదలకు శుభవార్త అందుతోంది, వెళ్లి అది చెప్పండని కబురు పంపాడు. జైలు తలుపు మాత్రం తెరవలేదు. యోహాను అక్కడే చనిపోయాడు.

అంటే దేవుడి వాగ్దానమన్నది జైలు తలుపు తెరుస్తానని కాదు. ఇక్కడే మనలో చాలామంది పొరబడతారని నా అభిప్రాయం. కొత్త సంవత్సరం తొలి పూట వాగ్దాన కార్డు తీసే అలవాటు మన తెలుగు క్రైస్తవ ఇళ్లలో చాలాచోట్ల ఉంది. ఒక వాక్యం వస్తుంది, ఏడాదంతా అదే మన వాగ్దానం. అలవాటు మంచిదే. కానీ కార్డు చూడగానే మనం చేసేదేంటి? "ఈ ఏడు ప్లేస్‌మెంట్ ఖాయం" అని తర్జుమా చేసుకుంటాం. అక్టోబరుకి ఆఫర్ లెటర్ రాకపోతే కార్డు అబద్ధమాడినట్టు, దేవుడు మాట తప్పినట్టు. నిజానికి ఆ మాట ఆయన ఇవ్వనే లేదు, మనమే ఆయన పేరు మీద రాసుకున్నాం.

మరి ఇచ్చిన మాటేంటి? ఆగమన కాలంలో పదే పదే వినిపించే యెషయా ప్రవక్త దగ్గరికి వెళ్తే తెలుస్తుంది. క్రీస్తుకి ఏడు వందల ఏళ్లకు ముందు, శత్రుసైన్యాలు మీదికి వస్తుంటే ఆహాజు రాజు వణికిపోతున్నాడు. అతనికి దొరికిన గుర్తు ఒక బిడ్డ, ఆ బిడ్డకో పేరు. ఇమ్మానుయేలు, అంటే దేవుడు మనతో ఉన్నాడని. సైన్యాలకి భయపడేవాడికి బిడ్డ పేరు చెప్పడమేంటని అప్పట్లో ఆహాజుకీ అనిపించే ఉంటుంది. కానీ క్రైస్తవ విశ్వాసం మొత్తం ఆ పేరు మీదే నిలబడి ఉంది. ఫలితం చూపిస్తానన్న మాట కాదది, పక్కనుంటానన్న మాట. ఇంటర్వ్యూలో మూడో రౌండ్ పోయి హాస్టల్‌కి తిరిగొచ్చిన రాత్రి కూడా ఆ మాట చెల్లుతుంది. ఆఫర్ లెటర్ మీద కట్టుకున్న సంతోషం ఆ రాత్రి దాకా కూడా నిలవదు.

1944 డిసెంబరులో బెర్లిన్‌లోని టేగెల్ జైల్లో ఆల్‌ఫ్రెడ్ డెల్ప్ అనే యేసుసభ గురువు ఉండేవాడు. హిట్లర్‌ని ఎదిరించిన బృందంలో ఉన్నాడని పట్టుకున్నారు. చేతులకి సంకెళ్లున్నా ఆగమన కాలం గురించి కాగితాల మీద ధ్యానాలు రాసి, దొంగచాటుగా బయటికి పంపేవాడు. యేసుసభని వదిలేస్తే వదిలేస్తామన్నారు, ఒప్పుకోలేదు. డిసెంబరు 8న ఆ జైల్లోనే కడపటి వ్రతాలు తీసుకున్నాడు. 1945 ఫిబ్రవరి 2న ఉరి తీశారు. 37 ఏళ్లవాడు. అతను రాసినవి ఈనాటికీ ఆగమన కాలంలో చదువుతారు. ఆనందం అనే మాట ఏసీ గదిలో కూర్చున్నవాడు చెప్తే నాకు చిరాకు. ఇలాంటివాడు చెప్తే వింటాను.

ఇక్కడ మా రూమ్మేట్ అడ్డు తగుల్తాడు. "ఏటి బావూ, దేవుడు మాటిచ్చాడని కూకుంటే ఉజ్జోగం వస్తాదేటి?" వాడన్నది వట్టి ఎగతాళి కాదు. నమ్మకం పేరు చెప్పి చేతులు కట్టుకు కూర్చునేవాళ్లని మనమందరం చూశాం.

వాడికి నా జవాబు మా నరసన్నపేట పొలాల్లో ఉంది. అదే మూడో ఆదివారం చదివిన రెండో పఠనం యాకోబు లేఖ. భూమి ఫలం కోసం తొలకరి వానకీ కడవరి వానకీ ఓపిగ్గా ఎదురుచూసే రైతులా ఉండమంటాడు యాకోబు. అది పాలస్తీనా రైతు సంగతి. మా వంశధార కాలవల కింద రైతుకి డిసెంబరులో వానొస్తే వరం కాదు, చావుదెబ్బ. చేను కోతకొచ్చి ఉంటుంది, లేదా పనలు మడిలోనే పడి ఉంటాయి, లేదా కుప్ప పడి నూర్పు కోసం చూస్తుంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట టీవీలో రాగానే ఊరంతా ఆకాశం చూస్తుంది. 2023లో ఆగమన కాలం డిసెంబరు 3న మొదలైతే, 5వ తారీఖునే మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది.

అలాంటప్పుడు మా వైపు మనుషులు ఏం చేస్తారు? కుప్ప మీద టార్పాలిన్ కప్పుతారు, చుట్టూ కాలవ తవ్వుతారు, దండం పెట్టుకుంటారు. మూడూ చేస్తారు. తవ్వినవాడు నమ్మనట్టూ కాదు, దండం పెట్టినవాడు తవ్వనట్టూ కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి తోటలు వేర్లతో సహా కూలిపోయాయి. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. పడిన చెట్టు పక్కనే మళ్లీ మొక్క పాతినవాడికి ఆశ గురించి పాఠం చెప్పే అర్హత నాకైతే లేదు, మా రూమ్మేట్‌కీ లేదు.

మరియ తల్లి సంగతి కూడా అంతే. దేవదూత మాట విన్న తర్వాత ఆవిడ ఇంట్లో కూర్చోలేదు. కొండ ప్రాంతానికి నడిచి ఎలిజబెతమ్మ ఇంటికి వెళ్లింది. అక్కడ పాడిన పాట లూకా సువార్త మొదటి అధ్యాయంలో ఉంది, తీరిక చేసుకుని చదవండి. జోలపాట కాదది. గద్దెల మీదున్నవాళ్లు దిగిపోవడం, ఆకలిగొన్నవాళ్ల కడుపు నిండటం గురించి పాడింది. అప్పటికి ఏ గద్దె కదల్లేదు, బిడ్డ కూడా ఇంకా పుట్టలేదు. అయినా ఆ పాటలో పనులన్నీ అయిపోయినట్టే ఉంటాయి. ఆగమన కాలపు ఆనందానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

ఎదురుచూపు మా జిల్లా కతోలికులకి కొత్త కాదు. ఆల్ప్స్ పక్కనున్న అన్నెసీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నం వచ్చారు. శ్రీకాకుళం మేత్రాసనంగా విడిగా ఏర్పడింది 1993లో. మధ్యలో 147 ఏళ్లు. ఓడ దిగినవాళ్లలో ఎవరూ దాన్ని చూడలేదు.

కాబట్టి సెమీ క్రిస్మస్ మానేయమని నేననను. ఎవరైనా మనల్ని కేకు కొయ్యమని పిలిస్తే వెళ్దాం. కానీ కతోలిక మిత్రులారా, "ఇంకా పండగ రాలేదు, మేం ఎదురుచూస్తున్నాం" అని ఒక్కరికైనా చెప్పండి. కారణం అడుగుతారు, అడగనివ్వండి. మిగతా మిత్రులారా, డిసెంబరు మూడో వారంలో ఏదైనా కతోలిక గుడికి వెళ్తే పశువుల పాక దగ్గర ఆగి చూడండి. గొర్రెలు, కాపరులు, యోసేపు, మరియ, అందరూ ఉంటారు. కింద పరిచింది కొత్త వరిగడ్డి, అప్పుడే కళ్లం నుంచి తెచ్చింది, పచ్చి వాసన పోయి ఉండదు. తొట్టి ఒక్కటే ఖాళీగా ఉంటుంది. బాలయేసు బొమ్మని 24 రాత్రి దాకా అందులో పెట్టరు.